మా డాబా మీద లేని అంతస్తుకి పన్ను

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా ఇంటి పన్ను తగ్గించమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. తగ్గించమనగానే మాఫీ అడుగుతున్నానని అనుకోకండి. ఎవరైనా ఒక్కరు టేపు పట్టుకుని మా మెట్లెక్కితే చాలు.

మాది హైదరాబాద్‌లో ఒక పాత కాలనీ. 120 గజాల స్థలంలో నాన్న 1996లో కింది వాటా కట్టారు, 2004లో పైన ఇంకో వాటా వేశారు. ఒక్కోటి 900 చదరపు అడుగులు, రెండూ కలిపి 1,800. పన్ను ఏడాదికి 6,299 రూపాయలు వచ్చేది. నాన్న ప్రతి ఏప్రిల్ మొదటి వారంలోనే కట్టేసేవారు, ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గుతుందని. మిగిలిన 315 రూపాయలతో ఆ ఏడాది మొదటి మామిడిపళ్లు తెచ్చేవారు. ఆన్‌లైన్ రాకముందు రసీదులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, ఒక్క ఏడాదిది కూడా పోలేదు.

ఈ ఏప్రిల్‌లో నాన్న ఫోన్ నా చేతికిచ్చి, ‘ఒకసారి చూడు, కళ్లజోడు మార్చాలేమో’ అన్నారు. కళ్లజోడు బాగానే ఉంది. తెర మీద ఉన్నది 18,895.

మర్నాడు ఇద్దరం మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకి వెళ్లాం. అక్కడున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించాడు. పై నుంచి తీసిన ఫొటో. మా గల్లీ, పక్కింటి వాళ్ల వేపచెట్టు, మధ్యలో నీలం రంగు రేకు. ‘మీకు సెకండ్ ఫ్లోర్ చూపిస్తున్నది అంకుల్, తొమ్మిదొందల ఫీట్లు’ అన్నాడు. అది ఫ్లోర్ కాదు బాబూ, రేకులు అన్నారు నాన్న. ‘సిస్టంల గట్లనే ఉన్నది, మేమేం జేస్తం’ అన్నాడు.

ఆ రేకుల సంగతి మీకు చెప్పాలి. స్లాబు పాతబడి వానాకాలం కారడం మొదలైంది. రెండుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, రెండుసార్లూ మర్నాటి వానకే పై వాటా వాళ్లు బకెట్లు పెట్టుకున్నారు. చివరికి ఈ ఊళ్లో సగం మంది చేసే పనే చేశాం. ఎనిమిది ఇనుప గొట్టాలు నిలబెట్టి, డాబా మొత్తానికి రేకులు కప్పించాం. కారడం ఆగింది, మే నెలలో కింద ఫ్యాను గాలి కాస్త చల్లగా వస్తోంది. నాలుగు వైపులా గోడ లేదు. గాలి వీస్తే ఆరేసిన చీరలు పక్కింటి వేపచెట్టు దాకా పోతాయి. ఒక మూల మాత్రం ఇటుకలతో చిన్న గది కట్టాం, పాత కూలరు, బియ్యం డ్రమ్ము, వినాయక చవితి పీట పెట్టుకోవడానికి. ఆ గదిని పన్నులో చూపించలేదు. ఆ తప్పు మాదే, ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

ఆఫీసు నుంచి రాగానే నాన్న వీధి చివరి కార్పెంటర్‌ని అడిగి టేపు తెచ్చారు. మా అబ్బాయి ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకున్నారు. మధ్యాహ్నం, రేకు కింద నిప్పుల కుంపటిలా ఉంది. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు, వద్దంటే వినలేదు. గది పది అడుగులు ఇటు, పన్నెండు అడుగులు అటు. 120 చదరపు అడుగులు. ‘రెండోసారి కొలవరా’ అన్నారు. రెండోసారీ అంతే వచ్చింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మా కాలనీలో నివాసానికి చదరపు అడుగుకి నెలకి రూపాయి చొప్పున అద్దె విలువ కడుతున్నారు. 1,800 అడుగులకి నెలకి 1,800, ఏడాదికి 21,600. తరుగుదల కింద 10 శాతం తీసేస్తే 19,440. దాని మీద 30 శాతం పన్ను 5,832. పన్ను మీద 8 శాతం లైబ్రరీ సెస్ కలిపితే 6,299. ఇదీ నాన్న ఇన్నాళ్లూ కట్టింది. లేని అంతస్తు కలిపి 2,700 అడుగులు వేస్తే అదే లెక్కన 9,448 అవుతుంది. ఏడాదికి తేడా 3,149. ఈ తేడాని గడిచిన మూడేళ్లకి కూడా వేసి 9,447 బకాయి రాశారు. రెండూ కలిపితే 18,895. మా గది 120 అడుగులు నిజాయితీగా కలిపితే ఎంతవుతుందో కూడా చేసి చూశాను: 6,718. ఈ 6,718 రేపు పొద్దున్నే కడతాం. మూడేళ్ల నుంచి ఆ గదికి రావాల్సింది కూడా కలిపి కడతాం.

రేటు గురించి నేను గొడవ పెట్టుకోవడం లేదు. మా పై వాటా అద్దెతో పోలిస్తే అడుగుకి రూపాయి అన్నది చాలా తక్కువ, ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. పన్ను శ్లాబులు చూస్తే నవ్వొస్తుంది కూడా. నెల అద్దె విలువ 50 రూపాయల్లోపు ఉంటే పన్ను లేదట. 51 నుంచి 100 దాకా 17 శాతం, 200 దాకా 19, 300 దాకా 22, ఆపైన 30. యాభై రూపాయల అద్దె ఇల్లు హైదరాబాద్‌లో ఎక్కడుందో చెబితే నేనే సామాన్లు సర్దుకుంటాను. ఆ 30లో పారిశుధ్యానికి 9, వీధి దీపాలకి 3, మోరీలకి 3 పోగా మిగతా 15 సాధారణ పన్ను. మా గల్లీ మలుపులో దీపం వెలిగిన రోజులూ ఉన్నాయి, వెలగని రోజులూ ఉన్నాయి, ఆ మూడు శాతం మాత్రం ఆగింది లేదు. లైబ్రరీ సెస్ మీద నాకు పల్లెత్తు ఫిర్యాదు లేదు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే క్యూలో నిలబడి చదువుకున్నవాణ్ని, ఆ 8 శాతం నేను తినేసినట్టే.

నా గొడవ కొలత దగ్గరే. ఈ పన్ను నడిచేది 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం కింద. అందులో ఇంటి విలువ కట్టే పద్ధతికి మూలం ఒకటే: ఆ కట్టడాన్ని అద్దెకిస్తే సబబుగా ఎంత వస్తుందని అనుకోవచ్చు అన్నది. మరి మా రేకుల కింద ఎవరుంటారు? గోడలు లేవు, తలుపు లేదు, నల్లా లేదు, బాత్రూం లేదు. బ్యాచిలర్లు కూడా రారు. అద్దెకే ఇవ్వలేని చోటికి నెలకి 900 అద్దె విలువ కట్టారు మరి.

ఫొటోకి రేకు కనిపిస్తుంది, రేకు కింద గోడ ఉందో లేదో కనిపించదు. 2024లో నగరంలో జీఐఎస్ సర్వే, అంటే ప్రతి ఇంటినీ కంప్యూటర్ పటం మీదకి ఎక్కించే సర్వే, మొదలుపెట్టారు, డ్రోన్లు ఎగరేశారు. మంచిదే. ఇల్లని రాయించుకుని కింద షోరూం నడిపేవాళ్లు, రెండు అంతస్తులకి కట్టి ఐదు లేపినవాళ్లు దొరకాల్సిందే. వాళ్లు ఎగ్గొట్టింది మాలాంటి వాళ్ల మీదే పడుతుంది. కాకపోతే పై నుంచి అనుమానం వచ్చిన ఇంటికి కింద నుంచి ఒక మనిషి వెళ్లాలి కదా. మా ఇంటికి ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే అమ్మ కనీసం మజ్జిగ ఇచ్చి పంపేది.

సవరణ దరఖాస్తు పెట్టాం. బిస్కెట్ డబ్బా రసీదులు జిరాక్స్ తీయించి, డాబా ఫొటోలు నాలుగు వైపుల నుంచి తీసి జత చేశాం. టపా సెక్షన్‌లో స్టాంపు వేసి ఇచ్చారు. ఒక సోమవారం, అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లాం. తర్వాత ఎప్పుడు వెళ్లినా సార్ ఫీల్డులో ఉన్నారనే చెప్పారు. ఏ ఫీల్డో గానీ, మా డాబా మాత్రం కాదు. ఆరో వారం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. నాన్న సంతోషంగా బిల్లు తెరిచి చూశారు. 18,895 అలాగే ఉంది, కింద వడ్డీ కొత్తగా చేరింది. బకాయి మీద నెలకి 2 శాతం, అంటే మాకు 189 రూపాయలు. వాళ్లు కొలవడానికి ఆలస్యం చేసే ప్రతి నెలా మా ఖాతాలో 189 పడుతోంది. ఏప్రిల్ తగ్గింపు ఎలాగూ పోయింది. ఆయనకి డబ్బుకన్నా ‘బకాయిదారు’ అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. ఆ టెన్షన్‌లో బీపీ మాత్రలు కూడా పెరిగాయి.

కోర్టుకి వెళ్లొచ్చు కదా అంటారు తెలిసినవాళ్లు. చిన్న దావాలు చూసే స్మాల్ కాజెస్ కోర్టులో అప్పీలు ఉంది, నిజమే. అయితే ముందు అడిగిన మొత్తం కట్టి రావాలి, తర్వాత వకీలు ఫీజు. మూడు వేల తేడాకి ఎవరు ఆ గడప తొక్కుతారు? అందుకే చాలామంది తిట్టుకుంటూ కట్టేస్తారు. ఇంకొంతమంది ఎవరో ఒకరిని ‘చూసుకుంటారు’. ఆ రెండో దారి మాకూ ఒకరు చెప్పారు, మెట్ల మీదే, చాలా ప్రేమగా. నాన్న వినిపించనట్టు దిగిపోయారు.

మీ శాఖకి దయ లేదని నేను అనను. 2016లో ఏడాదికి 1,200 లోపు పన్ను ఉన్న ఇళ్లకి 101 రూపాయలు చేశారు. 2020 దీపావళికి 15,000 లోపు ఇళ్లకి ఆ ఏడాది పన్నులో సగం తీసేశారు. బకాయిలు కట్టనివాళ్లకి వడ్డీలో 90 శాతం మాఫీ అని 2020, 2022, 2024, 2025లలో స్కీములు పెట్టారు. కావాలని కట్టనివాడికి ఎప్పుడో ఒకప్పుడు వడ్డీ మాఫీ అవుతుందన్న ధీమా ఉంటుంది. తప్పు లెక్క సరిచేయమని అడిగి ఆగినవాడికి మాత్రం అదే వడ్డీ నెలనెలా పెరుగుతుంది. మా వీధిలో ఇది విన్న ఒకాయన, ‘మీ నాన్నగారికి ఎగ్గొట్టడం రాదండీ, అదే సమస్య’ అన్నాడు. ఆయన మాటలో వెటకారం ఎంతో, సానుభూతి ఎంతో తేల్చుకోలేకపోయాను.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. నోటీసు మీద ఏ అంతస్తుకి ఎన్ని అడుగులు రాశారో, ఏ రేటు వేశారో, ఎవరు ఏ రోజు కొలిచారో అచ్చు వేయించండి. కరెంటు బిల్లు మీద పాత రీడింగు, కొత్త రీడింగు ఉండవా? అలాగే. అది ఉంటే సగం తగాదాలు ఇంట్లోనే తేలిపోతాయి. విస్తీర్ణం పెంచేముందు ఇంటివాళ్ల ఎదుట కొలిచి, ఆ కాగితం మీద వాళ్ల సంతకం తీసుకోమనండి. దరఖాస్తు తేలేదాకా పెంచిన భాగం మీద వడ్డీ ఆపండి, పాత పన్ను ఏప్రిల్‌లోనే కట్టుకోనివ్వండి, తగ్గింపుతో సహా. కొలవకుండా ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ పంపడం మాన్పించండి. ఇంకొకటి, రేకు నీడకీ రేకుల ఇంటికీ తేడా ఏమిటో స్పష్టంగా ఒక సర్క్యులర్ ఇవ్వండి. వేసవిలో ఒక్కసారి ఏ ఫ్లైఓవర్ మీద నుంచో చూడండి, ఎటు చూసినా నీలం, ఎరుపు రేకులే. వాళ్లందరికీ ఇవాళో రేపో మా బిల్లే వస్తుంది.

మా వరకైతే 120 అడుగులు కలిపి కొత్త బిల్లు ఇప్పించండి, అదే రోజు కడతాం. కొలవడానికి ఎవరినైనా పంపేట్టయితే ముందు రోజు ఫోన్ చేయమనండి. కోతుల బాధకి డాబా మెట్లకి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి నాన్న దగ్గరుంటుంది. సాయంత్రం ఐదు దాటాక వస్తే మంచిది, అంతకుముందు రేకు కింద నిలబడలేరు.

ఇట్లు,
ఏప్రిల్‌లోనే పన్ను కట్టే ఒక ఇంటి యజమాని కొడుకు,
హైదరాబాద్