వచ్చే సోమవారం నుంచి చట్నీ కవర్లు ఇవ్వం

మా టిఫిన్ సెంటర్‌కు వచ్చే అందరికీ ముందుగానే చెబుతున్నాం. వచ్చే సోమవారం నుంచి పార్శిళ్లకు పల్చటి ప్లాస్టిక్ కవర్లు వాడం. చట్నీ, సాంబారు మీ గిన్నెలోనో, మా స్టీలు డబ్బాలోనో పట్టుకెళ్లాలి. డబ్బాకు 150 రూపాయలు అడ్వాన్సు, డబ్బా తిరిగిస్తే మొత్తం ఇచ్చేస్తాం. సొంత డబ్బా తెచ్చినవాళ్లకు ప్లేటుకు 3 రూపాయలు తగ్గిస్తాం.

దీనికి అసలు కారణం ఆ కవరుకు వేసే ముడి. తిన్నాక మిగిలిన చట్నీని అదే కవర్లో ఉంచి, చేతికి అంటకుండా మళ్లీ ముడివేసి వీధి మూలన పడేస్తారు. ఆ వాసనకు ఆవు వస్తుంది. దానికి పైదవడలో ముందు పళ్లుండవు. నాలుకతో లాక్కుని, సరిగా నమలకుండానే మింగి, తర్వాత నెమరేస్తుంది. ముడి విప్పి చట్నీ ఒక్కటే తినడం దానివల్ల కాదు కదా. కవరు మొదటి పొట్టలోనే ఉండిపోతుంది, అరగదు. తాళ్లు, గుడ్డపీలికలు చుట్టుకుని ముద్దకడుతుంది. మేతకు చోటు తగ్గుతుంది. డొక్క ఉబ్బి కనిపిస్తుంటే బలిసిందనుకుంటాం, లోపల పశువు ఆకలితో చిక్కిపోతుంటుంది. ఎడమ డొక్క కోస్తే తప్ప ఆ ముద్ద బయటకు రాదు. ఒక్కో పశువు నుంచి పదుల కిలోలు తీసిన సందర్భాలున్నాయి. పుట్టపర్తిలో జంతువుల సంరక్షణ చూసే కరుణ సొసైటీ ఈ విషయం మీదే 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఈ కవర్లను పాతసామాన్ల వాళ్లు కూడా ఏరుకోరు. జిడ్డు, పైగా బరువే ఉండదు. అందుకే అవి కాలువలోకి చేరి తూము దగ్గర పరుచుకుంటాయి, వెనక బురద పేరుకుంటుంది. ప్లాస్టిక్ చేతిసంచి మందం 120 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదన్న నిబంధన 2022 డిసెంబరు 31 నుంచి ఉంది. వేలితో నొక్కితే చిరిగే ఈ కవర్లు దాని దరిదాపుల్లో కూడా ఉండవు. అయినా ఇన్నాళ్లూ మేమే ఇచ్చాం. ఆ తప్పు మాదే.

టీకి కూడా ఇకమీదట గాజు గ్లాసులే. పేపరు కప్పు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. పారేసిన కప్పులో వాననీళ్లు ఓ వారం పది రోజులు నిలిస్తే చాలు, డెంగీ దోమ గుడ్డు దశ నుంచి ఎగిరే దశకు వచ్చేస్తుంది. నీళ్లు ఎండినా గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి.

డబ్బా తెచ్చేవాళ్లకు కొన్ని మాటలు. నాలుగు ఇడ్లీలకు వెడల్పాటి డబ్బా మేలు. అడుగున అరిటాకు ముక్క వేస్తాం, లేకపోతే ఆవిరి నీరై కింది ఇడ్లీ మెత్తబడిపోతుంది. సాంబారుకు 300 మిల్లీలీటర్ల డబ్బా తెండి, వేలెడు ఖాళీ వదిలి పోస్తాం. పొగలు కక్కుతుండగా మూత బిగిస్తే చల్లారాక పట్టేసి ఊడిరాదు, రెండు నిమిషాలు ఆగాలి. కొబ్బరి చట్నీకి వేరే చిన్న డబ్బా ఉండాలి. వేడి ఇడ్లీల పక్కన పెడితే త్వరగా పులుస్తుంది. దోశ మాత్రం ఎందులో పెట్టినా కరకర పోతుంది, దానికి మా దగ్గర ఉపాయం లేదు. ఇక్కడే తినండి.

విస్తళ్లు కూడా చేత్తో కుట్టిన అడ్డాకువే తెప్పిస్తున్నాం. యంత్రం మీద అచ్చువేసిన వాటిలో కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, చూడటానికి ఆకులాగే కనిపిస్తాయి.

ఇంట్లో ఉన్న పాత కవర్లను ముడివేసి పారేయకండి. కోసి, లోపల మిగిలిన చట్నీ తడిచెత్తలో వేసి, కవరు కడిగి పొడిచెత్తలో వేయండి. కలిపేస్తే తడిచెత్త ఎరువుకు పనికిరాదు.

డబ్బా మర్చిపోయి వచ్చారా? ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి వేసి ఆకులో కట్టిస్తాం. ఆ రోజుకు సాంబారు పార్శిల్ మాత్రం ఉండదు.