కడుపు సమస్యకు మా దగ్గర ఆక్యుపంక్చర్ సూదులు వేయించుకుంటున్నవాళ్లకు

నాలుగు నెలల కిందట ఒకావిడ మా క్లినిక్‌కి వచ్చారు. యాభై దాటిన మనిషి. ఏడాదిగా కడుపునొప్పి, రోజుకు ఐదారు మోషన్లు. ఎవరో తెలిసినవాళ్లు ఇది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో ఏమీ కనిపించకుండానే కడుపునొప్పి, మోషన్ల ఇబ్బంది పెట్టే పేగు సమస్య) అన్నారట. నేనూ అదే అనుకుని ఆక్యుపంక్చర్ మొదలుపెట్టాను. నాలుగో వారం, బల్ల మీద పడుకుని మాట్లాడుతూ, రాత్రి నిద్రలోంచి లేచి మరీ బాత్రూంకి వెళ్లాల్సి వస్తోందని, అప్పుడప్పుడు రక్తం కూడా పడుతోందని చెప్పారు. అది మొదటిరోజే నేను అడగాల్సిన మాట. అడగలేదు. ఆ సాయంత్రమే వాళ్లబ్బాయికి ఫోన్ చేసి, గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. కొలనోస్కోపీలో (కెమెరా గొట్టంతో పెద్దపేగు చూసే పరీక్ష) అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది, అంటే పెద్దపేగులో పుండ్లు. ఇప్పుడు మందులతో కుదుటపడ్డారు. నా దగ్గర వృథా అయిన ఆ నాలుగు వారాలు మాత్రం నన్ను వదలడం లేదు.

అందుకే ఇకనుంచి కడుపు సమస్యతో వచ్చేవాళ్లకు డాక్టర్ రాసిన కాగితం చూడకుండా సూది వేయను. మోషన్‌లో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్ర లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం, యాభై దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన ఇబ్బంది... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టర్, తర్వాతే నేను. రిపోర్టులు నార్మల్‌గా వచ్చాయని ‘నీకేం లేదు, అంతా టెన్షనే’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తే బాధపడకండి. ఐబీఎస్‌లో నొప్పి నిజమే. పేగుకు, మెదడుకు మధ్య నడిచే సంకేతాలు గాడి తప్పడం వల్ల వచ్చే నొప్పి అది. స్కాన్‌లో కనిపించదు, అంతే.

ఇక సూదుల సంగతి. చాలామంది ‘గ్యారంటీగా తగ్గుతుందా మేడమ్?’ అని అడుగుతారు. ఇన్నాళ్లూ ‘తగ్గుతుంది’ అనేశాను. అలా అనకూడదు. ఇంగ్లండ్‌లో 233 మందితో చేసిన ఒక పరిశోధన 2012లో వచ్చింది. మామూలు వైద్యంతో పాటు వారానికోసారి చొప్పున పది సిట్టింగ్‌ల వరకు సూదులు వేయించుకున్నవాళ్లు, మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. అదే ఏడాది, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్షలో మాత్రం, అసలు సూదులకు, పేరుకు మాత్రమే పెట్టిన ఉత్తుత్తి సూదులకు ఐబీఎస్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండూ నిజమే. రెండూ మీకు చెప్పాలి.

నన్ను బాగా ఆలోచింపజేసింది 2008లో అమెరికాలో 262 మంది ఐబీఎస్ రోగులతో చేసిన ఇంకో పరిశోధన. అందులో మొదటి మూడు వారాలు ఎవరికీ నిజమైన సూదులు వేయలేదు. కొందరిని ఊరికే వెయిటింగ్‌లో ఉంచారు. కొందరికి పెద్దగా మాటల్లేకుండా ఉత్తుత్తి సూదులు పెట్టారు. మిగతావాళ్లకు అవే ఉత్తుత్తి సూదులు, కానీ మొదటిరోజు 45 నిమిషాలు కూర్చోబెట్టి ఆప్యాయంగా మాట్లాడి పెట్టారు. మూడు వారాలకు తమకు తగినంత ఉపశమనం ఉందన్నవాళ్లు వరసగా 28, 44, 62 శాతం. అది చదివాక మా అపాయింట్‌మెంట్ పుస్తకం తీసి చూశాను. ఒక్కొక్కరితో నేను మాట్లాడుతున్నది ఐదు నిమిషాలు కూడా లేదు. ఇప్పుడు మొదటి సిట్టింగ్ 45 నిమిషాలు చేశాను. ఏం తింటారు, ఎప్పుడు నొప్పి వస్తుంది, ఆఫీసుకి బయల్దేరేముందు ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్తారు, అన్నీ తీరిగ్గా చెప్పండి. దీనివల్ల రోజుకు చూసేవాళ్లు తగ్గుతారు, అపాయింట్‌మెంట్ ఆలస్యం కావచ్చు. దయచేసి ఓపిక పట్టండి.

సూదులు పెట్టే చోట్లు మారవు. మోకాలి కింద బయటివైపు నాలుగు వేళ్ల దూరంలో ఉండే జూసాన్లీ, బొడ్డుకు అటూ ఇటూ ఉండే టియాన్‌షూ. ప్రతి ఒక్కరికీ కొత్త సూదులే. ఆరు సిట్టింగ్‌లకు మార్పు కనబడకపోతే నేనే ఆపేస్తాను.

చైనా మూలికల పొడులు అమ్మడం మానేశాను. మీలో కొందరికి ఇది నచ్చదని తెలుసు. టెన్షన్ పడగానే కడుపు మెలిపెట్టి మోషన్ అయ్యేవాళ్లకు చైనా వైద్యంలో నాలుగు మూలికలు కలిపిన పాత మందు ఒకటుంది, ఎండబెట్టిన కమలాతొక్క కూడా అందులో ఒకటి. 1998లో సిడ్నీలో 116 మందిపై చేసిన పరిశోధనలో మూలికల క్యాప్సూల్స్ ఉత్తుత్తి మందు కంటే బాగా పనిచేశాయి కూడా. కానీ ఆ పరిశోధనలో వాడిన సరుకు వేరు, నాకు వచ్చే ప్యాకెట్ వేరు. లోపల ఏముందో పరీక్ష చేయించే దారి నాకు లేదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మందులో, పేర్లు దగ్గరగా ఉండటంతో ఒక చైనా మూలికకు బదులు ఇంకోటి కలిసి, ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. అది తెలిశాక నా చేత్తో ఇంకో ప్యాకెట్ ఇవ్వలేను. మీ దగ్గర మిగిలినవి వాడొద్దు, తెచ్చి ఇచ్చేయండి. తెరిచినవైనా సరే, డబ్బు వాపసు ఇస్తాను.

పది సిట్టింగ్‌లకు ముందే 4,500 కట్టించుకునే ప్యాకేజీ కూడా తీసేశాను. ఇక ఏ రోజు డబ్బు ఆ రోజే. ఇప్పటికే కట్టినవాళ్లు మిగిలిన సిట్టింగ్‌లు వాడుకోవచ్చు, లేదా డబ్బు తీసుకోవచ్చు. రసీదు పోయినా ఫర్వాలేదు, మా రిజిస్టర్‌లో మీ పేరు ఉంది. డాక్టర్ ఇచ్చిన ఇసబ్గోల్ గానీ, మాత్రలు గానీ సూదులు వేయించుకుంటున్నామని మానేయకండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పండి. వచ్చే సోమవారం నుంచి క్లినిక్ ఉదయం 9కి తెరుస్తాం.