నాయన ఆపరేషన్‌కి తోడు నిలిచిన మీ అందరికీ

మూడు నెలలుగా రాద్దామనుకుంటూనే ఉన్నా. నాయనకి ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రెండో పీఎస్‌ఏ (ఆ జబ్బు జాడ చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కూడా మొన్న శుక్రవారం వచ్చింది, 0.03, దాదాపు లేనట్టే. ఇంక ఆగబుద్ధి కాక కూర్చున్నా. పేర్లు రాయడం లేదు, చదువుతుంటే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

నాయనకి 68. మడకశిర దగ్గర మా పల్లె, నిన్నమొన్నటిదాకా చేను తనే చూసుకున్నాడు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు ఒంటేలుకి లేస్తున్నాడని అమ్మ ఫోన్లో చెబితే బెంగళూరు పిలిపించి టెస్టులు చేయించాం. పీఎస్‌ఏ 18, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది, అది ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 8. మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఐదు నిమిషాల్లో అంతా అయిపోయింది: ప్రోస్టేట్‌తో పాటు దాని చుట్టుపక్కల లింఫ్ నోడ్స్ (చిన్న బిళ్లల్లాంటి గ్రంథులు) కూడా తీసేస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి. పెట్ స్కాన్‌లో నోడ్స్ బాగున్నాయని రాశారు కదా, మరి ఎందుకు తీయడం అని అడిగితే అందరికీ ఇంతే అన్నారు. నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా భయం వేసింది. సంతకం పెట్టకుండా నాయనని తీసుకుని వచ్చేశా.

రెండో ఒపీనియన్‌కి ఒక డాక్టరుగారి దగ్గరకి పంపింది మా ఆఫీసులో నా పక్క సీటు అక్క. అక్కా, నువ్వు ఆ రోజు ఆ నంబర్ ఇవ్వకపోయి ఉంటే మేమేం చేసేవాళ్లమో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ డాక్టరుగారు స్కాన్ కవరు వెనకాల పెన్నుతో బొమ్మ గీశారు. ప్రోస్టేట్, దాని రెండు పక్కలా కాళ్లకి పోయే పెద్ద రక్తనాళాలు, వాటి వెంబడి చిన్న చిన్న చుక్కలు. "గజ్జల్లో బిళ్లలు కడతాయే, అవేనా సార్?" అని నాయన అడిగాడు. అలాంటివేనయ్యా, కాకపోతే ఇంకా లోపల ఉంటాయి, ప్రోస్టేట్‌లోంచి క్యాన్సర్ కణాలు బయటపడితే చాలాసార్లు మొదట చేరేది వీటిలోకే అని ఓపిగ్గా చెప్పారు. నాయనకి తీసిన పీఎస్‌ఎమ్‌ఏ పెట్ స్కాన్ (ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలని వెతికే స్కాన్) పాత సీటీ, బోన్ స్కాన్ల కంటే చాలా మేలని 2020లో ఆస్ట్రేలియా ట్రయల్‌లో తేలిందట, అయినా మరీ చిన్నగా ఉన్నవి దానికీ కనబడవు. నాయన పీఎస్‌ఏ, గ్లీసన్, ఎమ్మారై అన్నీ లెక్క వేసి నోడ్స్‌లో క్యాన్సర్ ఉండే అవకాశం బాగానే ఉందన్నారు.

ఆయన మీద గురి కుదిరింది ఆ తర్వాత చెప్పిన మాటతో. నోడ్స్ తీస్తే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడని నేను మాట ఇవ్వలేనమ్మా అన్నారు. 2021లో బ్రెజిల్ నుంచి ఒకటి, అమెరికా నుంచి ఒకటి ట్రయల్స్ వచ్చాయని, ఎక్కువ నోడ్స్ తీసినవాళ్లకీ తక్కువ తీసినవాళ్లకీ పీఎస్‌ఏ మళ్లీ పెరగడంలో తేడా కనబడలేదని చెప్పారు. మరి ఎందుకు తీయడమంటే జబ్బు ఎంతదాకా పోయిందో మైక్రోస్కోపు కింద చూస్తే తప్ప ఖాయంగా తెలియదు, తర్వాతి వైద్యం దాన్ని బట్టే ఉంటుంది. తీసినందుకు రాగల ఇబ్బందులు కూడా దాచలేదు: లోపల నీరు చేరడం, కాలు వాయడం, రక్తం గడ్డకట్టడం. సార్, ఆ ముక్కాల్ గంటకి మీకు చేతులెత్తి దండం పెడుతున్నా. సంతకం పెట్టేటప్పుడు నాయన చెయ్యి వణకలేదు.

రోబోటిక్ సర్జరీ సాఫీగా జరిగింది. ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం రెండు రోజులు ఫోన్ దించకుండా తిరిగిన మా హెచ్ఆర్ తమ్ముడికి, అవసరం పడితే రక్తం ఇస్తామని పొద్దున్నే వచ్చి కింద కూర్చున్న నలుగురు స్నేహితులకి కూడా థాంక్స్. పదో రోజు కాథెటర్ (ఒంటేలు గొట్టం) తీసినప్పుడు బయాప్సీ రిపోర్టు చేతికిచ్చారు. 21 నోడ్స్ తీశారు, 20 శుభ్రంగా ఉన్నాయి, ఒక్కదాంట్లో క్యాన్సర్ ఉంది. స్కాన్‌కి కనబడనిది అదే. ఆ ఒక్కటి విని అమ్మ ఏడ్చేసింది. ఒకటి రెండిట్లోనే ఉంటే చాలా నోడ్స్‌లో ఉన్నవాళ్ల కంటే పరిస్థితి మెరుగ్గా ఉంటుంది, ముందు పీఎస్‌ఏ ఎంత తగ్గుతుందో చూద్దాం అన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు మా వెనక వీధి పీజీలో ఉండే మదనపల్లె నర్సమ్మాయి గురించి రాయాలి. రక్తం గడ్డకట్టకుండా 28 రోజులు పొట్ట మీద సూది వేయాలంటే డ్యూటీ దిగి రోజూ రాత్రి తొమ్మిదింటికి తనే వచ్చేది. పదిహేడో రోజు సూది వేసి లేస్తూ ఆగిపోయింది. "పెద్దనాయనా, లుంగీ కొంచెం పైకి అను" అని రెండు పిక్కలూ చూసింది. నా కుట్టు డబ్బాలోంచి టేపు అడిగి తీసుకుని కొలిచింది, ఎడమది 33 సెంటీమీటర్లు, కుడిది 36న్నర. ఎక్కువసేపు కూర్చున్నాడు, అందుకేమో అన్నాన్నేను. తను తల ఊపలేదు. మూడు సెంటీమీటర్లు దాటింది అక్కా, పొద్దుటిదాకా ఆగొద్దు, ఇప్పుడే పోదాం అంది. మా ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నాడు, ఎదురింటి తమ్ముడు నిద్ర లేచి బనియన్ మీదే కారు తీశాడు.

డాప్లర్ (కాలి రక్తనాళాల స్కాన్) చేస్తే గడ్డ లేదు, దేవుడి దయ. కుడివైపు నోడ్స్ తీసిన చోట ఎనిమిది సెంటీమీటర్ల మేర లింఫ్ నీరు చేరి కాలి రక్తనాళాన్ని నొక్కుతోంది. స్కాన్ చూస్తూ సన్నటి గొట్టం వేస్తే మొదటి రోజే 300 ఎంఎల్ వచ్చింది, లేత పసుపు రంగులో. ఆరు రోజులకి తగ్గింది, గొట్టం తీసేశారు, కాలు మామూలయింది. ఇది రావచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. చెప్పినా నా కంటికి ఆనలేదు, ఆ అమ్మాయి కంటికి ఆనింది. ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఇంట్లో ఉంటే ఆ నెలరోజులూ రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తూ ఉండండి, ఒక కాలు బరువుగా ఉందన్నా, జ్వరం వచ్చినా వెంటనే చూపించండి.

పై అంతస్తు పెద్దాయనా, మీ సంగతి చివర్న రాస్తున్నా, తక్కువై కాదు. కాథెటర్ తీశాక ఒంటేలు ఆగక నాయనకి ప్యాడ్లు పెట్టుకోవాల్సి వచ్చింది, కూతురితో ఆ మాట ఎలా చెబుతాడు? గదిలోంచి బయటికి రావడం మానేశాడు, సంగటి కూడా ముట్టలేదు. మీరు ఫ్లాస్కులో కాఫీ పోసుకుని దిగి వచ్చి, మీ కోలారు తెలుగులో "ఏమప్పా, నాకూ ఇదే ఆపరేషన్ అయింది, ఆరేండ్లాయె" అని మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నారు. తలుపు వేసుకుని గంట మాట్లాడుకున్నారు. ఒంటేలు ఆపుకునే కండరాలకి చేసే కెగెల్ వ్యాయామం రోజుకి ఎన్నిసార్లు చేయాలో, ప్యాడ్లు ఎక్కడ దొరుకుతాయో అన్నీ మీరే చెప్పారని తర్వాత తెలిసింది. మర్నాడు నాయన వసారాలోకి వచ్చి పేపరు చదివాడు. ఇప్పుడు రోజుకి ఒక్క ప్యాడ్ చాలుతోంది.

ఆరు వారాలకి పీఎస్‌ఏ 0.04, ఇప్పుడు 0.03. ప్రస్తుతానికి హార్మోన్ ఇంజెక్షన్లు, రేడియేషన్ వద్దు, మూడు నెలలకోసారి పరీక్ష తప్పకూడదు, పెరగడం మొదలైతే అప్పుడు ఆలస్యం చేయం అన్నారు. ఆ ఒక్క నోడ్ సంగతి తెలియకపోతే అంతా అయిపోయిందని నాయన పరీక్షలకే వచ్చేవాడు కాదు. కాలు వాచిన రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడదడమంటుంది, అయినా తీయించి మంచి పనే చేశామనుకుంటున్నా.

నాయన ఊరెళ్లి నాలుగు మూటలు శెనక్కాయలు పంపించాడు. పెద్దాయనకి ఇచ్చేశా, ఎదురింటి తమ్ముడికీ ఆఫీసు అక్కకీ ఇచ్చేశా. నాలుగోది మదనపల్లె అమ్మాయిది, తలుపు పక్కనే పెట్టా. చెల్లీ, ఆదివారం డ్యూటీ లేకపోతే భోజనానికే రా, నాయన నీతో వీడియోలో మాట్లాడతానంటున్నాడు.