పటాల స్థానంపై పట్టుదల సడలించాలి

సంపాదకులకు,

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులు లేటెక్ (పత్రాలను అచ్చుకు అమర్చే సాఫ్ట్‌వేర్)లో సిద్ధం చేసే ప్రాజెక్టు నివేదికలను చదివే అధ్యాపకుడిగా, వాటిలో ఏటా కనిపించే ఒక లోపాన్నీ దానికి మూలమైన పట్టింపునూ మీ పత్రిక ద్వారా ప్రస్తావించదలిచాను. నివేదికలోని పటం (ఫిగర్) ఏ వాక్యంలో ప్రస్తావనకు వస్తే దాని కిందనే ఉండాలని మా ప్రాంతంలో పలువురు పరీక్షకులు పట్టుబడుతున్నారు. అందుకోసం విద్యార్థులు ప్రతి పటానికీ ఫ్లోట్ అనే అదనపు ప్యాకేజీలోని, పటాన్ని రాసినచోటనే నిలిపే పెద్ద హెచ్ (H) సూచనను తగిలిస్తున్నారు. చోటు సరిపోతే ఇబ్బంది లేదు. చాలనప్పుడు మాత్రం సగం పేజీ తెల్లగా మిగిలిపోయి పటం తరువాతి పేజీకి వెళ్తోంది.

లెస్లీ లాంపోర్ట్ 1980లలో రూపొందించిన లేటెక్ పటాన్ని ఇష్టం వచ్చిన చోటికి నెట్టదు, దానికి లెక్క ఉంది. మామూలు అమరికలో పేజీ పైభాగాన పటాలు 70 శాతానికి, కింది భాగాన 30 శాతానికి మించరాదు. పాఠానికి కనీసం 20 శాతం మిగలాలి. పులికాట్ సరస్సు ఉపగ్రహ చిత్రం పేజీలో 85 శాతం ఆక్రమిస్తుందనుకుందాం. దానికి విద్యార్థి ‘వీలైతే ఇక్కడే’ అని చెప్పే చిన్న హెచ్ (h) ఒక్కటే ఇస్తే, పటాలకే కేటాయించే ప్రత్యేక పేజీకి అనుమతి లేనందున అది ఎక్కడా ఇమడదు. పటాలు వరుస తప్పకూడదు కనుక దాని వెనుకనున్న చిన్న పటాలన్నీ కూడా ఆగిపోయి, అధ్యాయం చివర ఒక్కసారిగా గుట్టపడతాయి. తప్పు ఒక పటానిది, శిక్ష అన్నిటికీ. హెచ్ (ఇక్కడ), టి (పేజీ పైన), బి (పేజీ కింద), పి (ప్రత్యేక పేజీ) నాలుగింటినీ ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ముందు ఆశ్చర్యార్థకం చేరిస్తే పైన చెప్పిన హద్దులు కూడా ఆ పటం వరకు సడలుతాయి. పటం తన విభాగం దాటిపోకూడదనుకుంటే ప్లేసిన్స్ ప్యాకేజీలోని ఫ్లోట్‌బ్యారియర్ అనే ఆదేశం ఉంది.

అసలు ఇబ్బంది రాతలోనే మొదలవుతోందని నా అభిప్రాయం. ‘కింది పటంలో చూపినట్లు’ అని రాస్తే పటం కిందనే ఉండక తప్పదు. ‘పటం 3.2లో’ అని రాస్తే అది ఎదుటి పేజీలో ఉన్నా పాఠకుడికి దొరుకుతుంది. ఆ సంఖ్యను చేత్తో వేయకుండా పటానికి గుర్తు పెట్టే లేబుల్, ఆ గుర్తుతో సంఖ్యను తెచ్చే రెఫ్ ఆదేశాలకు వదిలేయాలి. లేబుల్‌ను క్యాప్షన్ (పటం శీర్షిక ఆదేశం) తరువాతనే ఉంచాలి, ముందుంచితే పటం సంఖ్యకు బదులు విభాగం సంఖ్య వచ్చి చేరుతుంది.

పెద్ద హెచ్ అసలే కూడదని నేననడం లేదు. చీమకుర్తి గ్రానైట్ నమూనాలను పరీక్షించిన విధానాన్ని దశలవారీగా చిన్న బొమ్మలతో చూపేటప్పుడు అదే సరైనది. మిగతాచోట్ల, పటం ప్రస్తావన ఉన్న పేజీలో గానీ మరుసటి పేజీలో గానీ ఉంటే చాలునని కళాశాలలు తమ మార్గదర్శకాల్లో స్పష్టంగా రాయాలనీ, స్థానం మారిందని మార్కులు తగ్గించే పద్ధతిని పరీక్షకులు ఈ ఏడాది నుంచే మానాలనీ కోరుతున్నాను.

– ఒక అధ్యాపకుడు, కావలి, నెల్లూరు జిల్లా