టీసీ చేతిలో పెట్టే ముందు ఒక్క రోజు ఆగమనండి సార్ - విద్యాశాఖ మంత్రి గారికి తిరుపతి నుంచి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తా ఉంటాను సార్. ఈ లెటర్ మార్కుల గురించో ఫీజుల గురించో కాదు. తిరుపతి కానీ చిత్తూరు కానీ, 16, 17 ఏళ్ల పిల్లలు ప్రేమ విషయం బయటపడగానే ఇల్లొదిలి పోవడమో ప్రాణాల మీదికి తెచ్చుకోవడమో చూస్తానే ఉన్నాం, జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తుంది 'తల్లిదండ్రులు మందలించారని మనస్తాపంతో' అని, మర్నాటికి అందరూ మర్చిపోతారు. ఆ నాలుగు లైన్లని కొంచెం నిదానంగా చదవండి సార్. ఇంట్లో తెలిసింది పొద్దున, జరిగింది సాయంత్రం. చాలాసార్లు మధ్యలో ఉండేవి గంటలే.

అప్పుడు అందరూ అనే మాట, 'అంత తెలివైన పిల్ల ఇట్లా ఎట్లా చేసింది' అని. తెలివి తక్కువై కాదు సార్. మన దేశంతో కలిపి 11 దేశాల్లో 5 వేల మందికి పైగా పరీక్షించి 2019లో వేసిన స్టడీ ఉంది, నిమ్మళంగా కూర్చోబెట్టి అడిగితే 16 ఏళ్లకే పిల్లలు పెద్దోళ్లతో సమానంగా ఆలోచిస్తారు, కానీ ఆవేశాన్ని ఆపుకోవడం, రేపటి గురించి చూసుకోవడం మాత్రం ఇరవైల్లోకి వచ్చినాక కూడా ఇంకా ఎదగతానే ఉంటుంది. ఎందుకంటే మెదడులో నుదురు వెనకాల ఉండి ఆవేశాన్ని అదుపు చేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అన్నిటికంటే ఆఖర్న తయారయ్యే భాగాల్లో ఒకటి, దాదాపు 25 ఏళ్ల దాకా పడుతుంది. సంతోషం, భయం, అవమానం వీటికి స్పందించే లోపలి భాగాలు మాత్రం టీనేజ్ మొదట్లోనే మంచి జోరు మీద ఉంటాయి. ఈ రెండింటినీ కలిపే నరాల దారులకి మైలిన్ అనే పొర, కరెంటు తీగ మీద తొడుగు లాంటిది, అది ఇంకా పూర్తిగా పట్టి ఉండదు. అందుకే పొద్దున నాకు క్లాసులో చక్కగా జవాబు చెప్పిన పిల్లే రాత్రికి 'ఇంక ఏమీ లేదు, అంతా అయిపోయింది' అనుకుంటుంది, ఆ నిమిషానికి ఆ పిల్లకి అది నిజమే.

ఫ్రెండ్స్ చూస్తా ఉంటే ఇది ఇంకా ఎక్కువ. అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు 2005లో కారు నడిపే వీడియో గేమ్ ఆడించి చూశారు, పక్కన తోటి వాళ్లుంటే 13-16 ఏళ్ల పిల్లలు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు, 24 దాటినోళ్లలో పెద్దగా తేడా రాలేదు. మన పిల్లల సంగతికొస్తే 'మేమున్నాం పదరా' అని ఆర్టీసీ బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించేది ఆ ఫ్రెండ్సే కదా సార్. ఇంక నిద్ర. ఈ వయసులో నిద్ర హార్మోన్ రాత్రి లేటుగా మొదలవుతుంది, హాస్టల్లో ఐదింటికే లేపుతారు, నిద్ర చాలని మెదడుకి ఆ ఉన్న కాస్త నిగ్రహం కూడా తగ్గిపోతుంది.

ఇప్పుడు కాలేజీల్లో ఏం జరగతా ఉందో చెప్తాను. ఒక కాలేజీలో నేను కళ్లారా చూసింది, పేరు వద్దు. ఇద్దరి చాటింగ్ దొరికింది. ప్రిన్సిపాల్ రూములో ఆ పిల్లని నిలబెట్టి, వాళ్ల నాయన పనిలోంచి అట్లనే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా సిమెంటు, ఆయన ముందర, అటెండర్ ముందర, ఇద్దరు లెక్చరర్ల ముందర ఆ మెసేజీలు గట్టిగా చదివారు. ఆ పిల్ల చున్నీ కొసని వేలికి చుట్టుకుంటా విప్పుకుంటా ఉంది, ఒక్క మాట మాట్లాడలా. టీసీ అప్పటికే టైపయి టేబుల్ మీద ఉంది. నేను ఈ రోజు ఇయ్యొద్దు సార్ అంటే 'మీకు తెలీదు మేడమ్, కాలేజీ పేరు పోతుంది' అన్నారు. ఆ రూములోంచి బయటికొచ్చిన 17 ఏళ్ల పిల్లకి వెనక్కి కాలేజీ లేదు, ముందర ఇల్లు ఎట్లుంటుందో తెలుసు.

అట్లయితే ప్రేమించుకోమని వదిలేయాలా అని అమ్మానాన్నలు నన్ను అడగతారు. వద్దమ్మా, మీరు ఒప్పుకోవాల్సిన పని లేదు, కానీ ఆ రాత్రే తీర్పు చెప్పొద్దు, కొట్టొద్దు, రేపే సంబంధం చూస్తామని బెదిరించొద్దు, బిడ్డని ఒంటరిగా వదలొద్దు, అన్నం పెట్టి పక్కనే పడుకోండి అని చెప్తాను. కులం వేరని తెలిసినప్పుడు పెద్దోళ్లకి వచ్చే ఆవేశం మాత్రం వేరే సంగతి, వాళ్లకి 45, 50 ఏళ్లు, మెదడు ఎప్పుడో తయారైంది, వాళ్లకి ఈ సైన్సు సాకు కాదు, అక్కడ చట్టం గట్టిగానే ఉండాలి.

సార్, 2025 జులైలో సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే, విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన ఒక బిడ్డ చనిపోయిన కేసులో చెప్పింది, 100 మంది, అంతకంటే ఎక్కువ పిల్లలుండే ప్రతి విద్యాసంస్థలో ట్రైనింగ్ ఉన్న కౌన్సెలర్ ఉండాలని. కాయితం మీద పేరు కాదు, మనిషి ఉన్నారో లేదో ఇన్‌స్పెక్షన్‌లో చూడమనండి. ప్రేమ విషయంలో దొరికిన రోజే టీసీ ఇయ్యకూడదు, పిల్లల మెసేజీలు నలుగురిలో చదవకూడదు, కౌన్సెలర్ మాట్లాడకుండా పేరెంట్స్‌ని పిలవకూడదు అని ఒక సర్క్యులర్ ఇయ్యండి. మానసిక సాయానికి టెలీమానస్ 14416, పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098, ఈ రెండు నంబర్లూ ప్రతి హాస్టల్ గోడ మీద రాయించండి. ఇంకోటి, జరగరానిది జరిగితే పోలీసు కేసు అయితుందేమో అని భయపడి బిడ్డని రుయా ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచేవాళ్లున్నారు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినోళ్లని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. ఈ ముక్క ఊర్లలో ఎవరికీ తెలీదు, ఆశా వర్కర్ల చేత చెప్పించండి.

నేను బైపీసీ పిల్లలకి మెదడు బొమ్మ గీయించి భాగాలు రాయిస్తాను, ఏ భాగం ఏ వయసుకి తయారవుతుందో ఆ పాఠంలో లేదు, నేనే కలిపి చెప్తాను. ఎంపీసీ, సీఈసీ పిల్లలకి ఆ బొమ్మ కూడా లేదు. ఫస్టియర్‌లో అన్ని గ్రూపులకీ రెండు క్లాసులు దీనికి ఇయ్యండి సార్, జూన్‌లో కాలేజీలు తెరిచేలోపు ఆర్డర్ వస్తే పాఠం తయారు చేసేదానికి నాతో పాటు ఇక్కడ ఇంకొందరు లెక్చరర్లు కూడా రెడీగా ఉన్నారు, జీతం అడగం.

ఇట్లు
ఒక జువాలజీ లెక్చరర్, తిరుపతి