కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: డిజిటల్ ఆరోగ్య విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

రామంతాపూర్‌లోని మన కాలనీ కమ్యూనిటీ హాల్లో నెలకు రెండు ఆదివారాలు ఆరోగ్య విభాగం కూర్చుంది. ఆరోగ్య రికార్డులను కలిపే ఆభా నంబర్లు తీయించడం, ఇంట్లో బీపీ, షుగర్ చూసుకోవడం నేర్పడం, ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడేందుకు సాయపడటం ఈ ఏడాది చేసిన పనులు. కాగితం మీద పేరు, మిషన్‌లో అంకె సరిగ్గా లేకపోతే ఎంత మంచి యాప్ అయినా డాక్టరుకు తప్పుడు కబురే మోసుకెళ్తుంది. అందుకే మన సమయం యాప్‌ల కంటే పేర్లు, ఫోన్ నంబర్లు, బీపీ పట్టీల మీదే ఎక్కువ ఖర్చయింది.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది 2021 సెప్టెంబరులో. అందులో మనకిచ్చే 14 అంకెల నంబరే ఆభా. ఇది ఆరోగ్యశ్రీ కాదు, ఉచిత చికిత్స కార్డూ కాదు. దీన్ని చూపిస్తే బిల్లు తగ్గదు. ఈ మాట ముందుగా చెప్పకపోతే పెద్దవాళ్లు ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిరాశపడతారు. దీని ఉపయోగం వేరు: ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, మనం ఒప్పుకుంటేనే ఇంకో డాక్టరు దాన్ని చూడగలరు. ఏ రికార్డు, ఎన్నాళ్ల వరకు చూపాలో మనమే ఎంచుకోవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. ఈ సదుపాయం ఉన్న ఆసుపత్రుల్లో ఓపీ కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే మన వివరాలు వాళ్లకు చేరి టోకెన్ వస్తుంది. మోకాళ్ల నొప్పులవాళ్లకు వరుసలో నిలబడే బాధ తగ్గడమే పెద్ద మేలు.

ఎక్కువగా పని ఆగింది ఓటీపీ దగ్గరే. పెద్దవాళ్ల ఆధార్‌కు ఎప్పుడో వాడి వదిలేసిన సిమ్ ఉంటుంది, లేదా అమెరికాలో ఉన్న కొడుకు నంబరు ఉంటుంది. మనకు పగలైతే అక్కడ అర్ధరాత్రి. ఆయన లేచి చూసేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి సొంత నంబరు చేర్పించుకుంటే తప్ప పని ముందుకు సాగదు. రెండో చిక్కు పేరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరం. ఇంగ్లిషులో లక్ష్మి అన్న పేరును ఒక ల్యాబ్ ఎక్స్‌తో రాస్తే ఇంకొకరు కె-ఎస్-హెచ్‌తో రాస్తారు. పేరు, పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు పొంతన కుదరకపోతే పాత రికార్డు ఆభాకు జతపడదు. కౌంటర్‌లో నోటితో పేరు చెప్పకండి, ఆధార్ చూపించి అదే స్పెల్లింగ్ రాయించండి. బస్తీ దవాఖానాలో రక్తం ఇచ్చేటప్పుడూ అంతే: రిపోర్టు కబురు ఫోన్‌కే వస్తుంది, పక్కింటివాళ్ల నంబరు ఇస్తే అది మీకు చేరదు.

బీపీ మిషన్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ అంకెను చూసే మందు మోతాదు మారుస్తారు. ముందు టేపుతో దండచేయి మధ్యలో చుట్టుకొలత తీయండి. మిషన్‌తో వచ్చే, చేతికి చుట్టే మామూలు పట్టీ సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. అంతకన్నా లావు చేతికి అదే చుడితే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది. పెద్ద పట్టీ విడిగా కొనుక్కోవాలి. చూసుకునే ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్ వద్దు, మూత్రం ఆపుకోవద్దు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేయకుండా 5 నిమిషాలు ఊరకే కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద చుట్టాలి. మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి. చేతిని బల్ల మీద గుండె ఎత్తులో ఉంచాలి. కిందికి వేలాడేస్తే అంకె పెరుగుతుంది. మిషన్ నడుస్తుండగా మాట్లాడినా పెరుగుతుంది. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, 7 రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగిలినవాటి సగటు డాక్టరుకు చూపండి. ఇంట్లో తీసిన సగటు 135/85 దాటితే బీపీ ఎక్కువగా ఉన్నట్టు లెక్క. ఒక్క అంకె చూసి మాత్ర ఆపడం, రెండు వేసుకోవడం దయచేసి చేయకండి.

షుగర్ మిషన్‌లో తప్పు చాలావరకు వేలి దగ్గరే ఉంటుంది. మామిడిపండు తిన్న చేయి కడక్కుండా పొడిస్తే వేలికంటిన తీపి కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక పొడవాలి, వేలిని గట్టిగా పిండకూడదు. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి. మే నెల ఎండలో కారులోనో వంటింటి గట్టు మీదో ఉంచిన స్ట్రిప్పులు చెడిపోతాయి. చాలా కంపెనీలు 30 డిగ్రీల లోపే ఉంచమంటాయి. అలాగని ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు.

ఫోన్‌లో వైద్యానికి ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఓపీడీ 2020 ఏప్రిల్ నుంచి ఉంది. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోవాలి. కిటికీకి వీపు పెడితే డాక్టరుకు నీడే కనిపిస్తుంది. వేసుకుంటున్న మందుల పట్టీలు పక్కన ఉంచుకోవాలి. 2020 మార్చి టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం కొన్ని మందులు మొదటిసారి వీడియోలో చూశాకే రాయగలరు, కొన్ని ఫోన్‌లో అసలు రాయకూడదు. అందుకు డాక్టరు మీద కోపం తెచ్చుకోవద్దు. ఛాతీ నొప్పి, మూతి వంకర, మాట తడబాటు కనిపిస్తే యాప్ తెరవకండి, 108కి చేయండి. మనసు బాగాలేనివాళ్లు మాట్లాడేందుకు 14416 హెల్ప్‌లైన్ ఉంది, కీప్యాడ్ ఫోన్ చాలు.

కాగితాల సంగతి ఒకటుంది. ఈసీజీ కాగితం వేడికి నల్లబడే రకం. రోజులు గడిచేకొద్దీ గీత వెలిసిపోతుంది. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా మారిపోతుంది. తీసిన రోజే పగటి వెలుతురులో బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ పడేలా ఫోటో తీసి, పేరు, తేదీ పెట్టి దాచుకోండి.

ఆ ఫోటోలు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం కొందరు ఇంకా మానలేదు. మందు గురించి అడగాలన్నా సరే, రిపోర్టు గ్రూపులోకి రాకూడదని కమిటీ తీర్మానించింది. హెల్త్ కార్డు పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (తెరిస్తే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) తెరవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

వచ్చే ఏడాదికి పెద్ద పట్టీ ఉన్న బీపీ మిషన్ ఒకటి హాల్లో ఉంచాలని ప్రతిపాదన. ఆదివారం వచ్చేవాళ్లు ఆధార్ కార్డు, దానికి కలిపిన సిమ్ ఉన్న ఫోన్, ఇంట్లో వాడే బీపీ మిషన్ తెచ్చుకోండి. మీ మిషన్‌ను హాలు మిషన్ పక్కన పెట్టి, ఒకే చేతికి ఒకదాని తర్వాత ఒకటి చూసి తేడా రాసిస్తాం.