టోక్యో వచ్చిన ముసలివాళ్లు, కూకట్‌పల్లిలో వాదన

హైదరాబాదు

ప్రియ మిత్రమా,

దేశదేశాల సినిమాలు చూసి మీరంతా ఏం మాట్లాడుకుంటారని నీ ఉత్తరంలో ఎగతాళిగా అడిగావు కనుక, మొన్న ఆదివారం కూకట్‌పల్లిలో మిత్రుడి ఇంట్లో దర్శకుడు యసుజిరో ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' చూశాక జరిగిన వాదనంతా రాస్తున్నాను.

1953 నాటి ఈ జపాను చిత్రంలో ఒనొమిచి అనే ఊరి నుంచి వృద్ధ దంపతులు టోక్యోలోని పిల్లలను చూడటానికి వస్తారు. కొడుకు వైద్యుడు, కూతురిది బ్యూటీ పార్లరు, ఇద్దరికీ తీరిక లేదు. ఖర్చు కలిసివస్తుందని తల్లిదండ్రులను అతామి వేడినీటి బుగ్గలకు పంపేస్తారు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో మాత్రం ఆఫీసుకు సెలవు పెట్టి వాళ్లకు నగరం చూపిస్తుంది.

సినిమా అయిందో లేదో, "ఇది అచ్చం మన కథే" అన్నారు మావాళ్లు. ఊరికి తిరుగు ప్రయాణం ఎప్పుడా అని బాల్కనీల్లో ఎదురుచూసే పెద్దవాళ్లు మన అపార్టుమెంట్లలోనూ ఉన్నారు, కాదనను. అయితే ఆ ఒక్క మాటతో చర్చ ముగించడం నాకు నచ్చలేదు. మన సినిమాలో అయితే ఆ కూతురిని గయ్యాళిని చేసి, క్లైమాక్సులో తండ్రి చేత కడిగించేవాళ్లు. ఇక్కడ ఆమె తల్లి అంత్యక్రియలయ్యాక, భోజనాల దగ్గరే, అమ్మ బట్టలు జ్ఞాపకంగా కావాలంటుంది. అయినా అంతకుముందు ఆమె ఏడ్చిన ఏడుపు అబద్ధమని ఓజు ఎక్కడా అనిపించడు. చిన్న చెల్లెలు మండిపడితే, పెద్దయ్యాక ఎవరి బతుకు వారిదవుతుందని వదిన నొరికోనే ఆ అక్కను వెనకేసుకొస్తుంది. ఆ మాట మన తెరమీద విన్న గుర్తు నాకు లేదు.

అసలైన ప్రశ్న వేసింది మాత్రం మిత్రుడి అత్తగారు. ఆవిడ సబ్‌టైటిళ్లు చదవలేదు, మొహాలు చూస్తూ కూర్చున్నారు. "అందరూ నవ్వుతూనే ఉన్నారు, వీళ్ల కోపమంతా ఎటు పోతోంది నాయనా?" అన్నారు. మేం తడుముకుంటుంటే ఒకడికి తాగుడు సన్నివేశం గుర్తొచ్చింది: కొడుకు ఇంకా గొప్పవాడవుతాడనుకున్నానని ఆ తండ్రి పాత స్నేహితుల దగ్గర, తాగిన మైకంలో మాత్రమే ఒప్పుకుంటాడు. కెమెరా నేలకు దగ్గరగా పెట్టి, దాదాపు కదలనివ్వకుండా ఓజు మనల్ని అంతసేపు మొహాలు చూడనిచ్చాడు కాబట్టే ఆవిడ ఆ ప్రశ్న వేయగలిగారని నా వాదన. నిదానంగా నడిచిందని సణిగినవాళ్లు ఒప్పుకోలేదనుకో.

వచ్చేవారం అబ్బాస్ కియరొస్తమి 1987లో తీసిన ఇరాన్ చిత్రం చూస్తున్నాం. తోటి పిల్లవాడి నోటుపుస్తకం ఇచ్చిరావడానికి పక్క ఊరికి పరుగెత్తే కుర్రవాడి కథ. అందులో తాత, తన దగ్గర సిగరెట్లు ఉండగానే, మనవడికి మాట వినడం అలవాటు చేయాలని సిగరెట్లు తెమ్మంటాడు. మావాళ్లు మళ్లీ "మా తాతే" అంటారు, చూస్తూ ఉండు. నువ్వూ ఈలోపు 'టోక్యో స్టోరీ' చూసి, ఆ కూతురి విషయంలో నా పక్షమో కాదో రాయి.

ఇట్లు
నీ మిత్రుడు